లక్క పూసిన చోటు

పోయినవారం కామేశం గారి బొటనవేలు ప్లేటు మీద పెట్టించి మనం మన మానాన లేచిపోయేం. పాపం ఆయన ఆ వేలు తియ్యకుండా అలాగే కూచున్నారు. పెద్దమనిషి, వేలు నొప్పెడుతుంది. ముందు ఆ సంగతి చూద్దాం.

ఈ వారమే చదవడం మొదలెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. కామేశం గారు చోడవరం తాలూకా కచేరీలో పని చేసి ఇప్పుడు పింఛను పుచ్చుకుంటున్నారు. ఆయన దగ్గర బీరువాడు గ్రామఫోను ప్లేట్లున్నాయి. అన్నీ సంగీతమే. నాటకాల పద్యాలు, హాస్యాలు ఆ గుమ్మం తొక్కవు. ఆ ప్లేట్లన్నీ ఒక ఎత్తు, చందనప్పెట్టెలో పట్టుగుడ్డ చుట్టి దాచిన ప్లేటొకటి ఒక ఎత్తు. దాన్లో ఆనందభైరవిలో చిన్న కీర్తన ఉంది, ఓ పసిపిల్ల పాడింది. ఆ పిల్ల ఆయన భార్య కమలాంబ. పెళ్ళికి ముందు మద్రాసు వెళ్ళి పాడింది, పెళ్ళయ్యేక మళ్ళీ నోరు విప్పి పాడలేదు. ఆవిడ పోయి మూణ్ణెల్లయింది. కామేశం గారు ఏడవలేదు. వేళకి తింటున్నారు, వేళకి పడుకుంటున్నారు, సాయంత్రమయ్యేసరికి ఆ ప్లేటు వేసుకుంటున్నారు. ముల్లు తిరిగి తిరిగి గీతలు తెల్లబడిపోయేయి. కీర్తన పోయి వాన చప్పుడు మిగిలింది. ఆయన ఆ వానే వింటూ కూచుంటున్నారు.

అది చూడలేక రావికమతం బెల్లం వర్తకుడు గణపతిరావు ఒక పని చేసేడు. మద్రాసు కంపెనీ వాళ్ళు పాత ప్లేట్లని మళ్ళీ అచ్చు వేస్తున్నారని విని, ఆ కీర్తన ఉన్న ప్లేటు కొత్త అచ్చు తెప్పించేడు. గడ్డిలో పొదిగిన పెట్టెని అనకాపల్లి బస్సు టాపు మీంచి దింపుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చేడు. ప్లేటు పైకి తీసేరు. కామేశం గారు దాని మీద పాట ముగిసేచోట బొటనవేలు పెట్టేరు. అక్కడే కదా మనం ఆగింది.

"ఏటండీ, ఏలు తియ్యరేటి. నాడి సూస్తన్నారా?" అన్నాడు గణపతిరావు.

"నున్నగా లేదు."

"అయితే నాడి ఆడతన్నట్టే."

కామేశం గారు నవ్వలేదు. "ఇది అసలు అచ్చు కాదు గణపతీ" అన్నారు.

"కొత్తదే అని సెప్పే తెచ్చేను కదండీ. అసలు కాదంటే నేను ఏడస్తానా. ఆ గొంతు అవునో కాదో సూడండి సాలు."

ఈ నున్నదనం సంగతి చెప్పకపోతే మీకు కథ నడవదు. కామేశం గారికి ప్లేట్లలో అసలేదో డూప్లికేటేదో చెప్పడంలో జిల్లా అంతటా పేరుంది. ఆయన సూత్రం రెండు ముక్కలు. మొదటి అచ్చు ప్లేటుకి పాట ముగిసేచోట రెండువేళ్ళ వెడల్పున గీతలుండవు, అద్దంలా నున్నగా ఉంటుంది. మధ్యన కాగితం కూడా ఉండదు. చందనప్పెట్టెలోది అలాగే ఉంది కనక అసలంటే అలాగే ఉండాలి. చీడికాడలో ఒక ఆసామీ ఈ సూత్రం విని, తన ప్లేట్లన్నిటికీ కాగితాలు పీకించి, చివర గాజుపెంకుతో గీకించి, ఒక్క మధ్యాహ్నంలో ఇల్లంతా అసలు ప్లేట్లు చేసుకున్నాడు. నమ్మకపోతే మానెయ్యండి. ఆ ఆసామీ మనవడు నాతో చెప్పేడు. కామేశం గారి గ్రామఫోను గొట్టంలో పిచ్చుకలు గూడు పెడితే పిల్లలు ఆదితాళంలో అరిచేయని చెప్పినవాడూ వాడే.

గణపతిరావుకి మాత్రం ఈ సూత్రం మీద పాతకోపం ఉంది. చాలా ఏళ్ళ కిందట మాడుగుల వేలంలో రెండు వరసలు వినిపిస్తే ఇదే ప్లేటని పోల్చి పాడుకుని, నేరుగా కామేశం గారి దగ్గరికి పట్టుకొచ్చేడు. కాగితం మీద అక్షరాలు చెదలు తినేసేయి గాని గీతలు చివరికంటా ఉన్నాయి. కామేశం గారు వేలు పెట్టి చూసి, "డూప్లికేటు" అని తిరిగి ఇచ్చేసేరు. మిషన్ మీద పెట్టనైనా లేదు. డూప్లికేటు వేస్తే మిషన్ మైల పడుతుందనేవారు. గణపతిరావుకి అప్పటికి సొంత మిషన్ లేదు. ఒళ్ళుమండి ఆ ప్లేటు తీసుకెళ్ళి వేడి బెల్లం కుండ మీద మూతేసేడు. తెల్లారేసరికి అది అప్పడంలా వంకర తిరిగింది. ఇవాళ్టి దాకా దాని మీద వేరుశెనక్కాయలు ఎండబెట్టుకుంటున్నాడు.

"కీ ఇయ్యమంటారా?" అన్నాడు.

ఆ ఇంట్లో మిషన్‌కి కీ తిప్పే హక్కు గణపతిరావుది. అతను వస్తే కామేశం గారు కీ పిడి ముట్టుకోరు. ప్లేటుకొక కీ, ప్లేటుకొక ముల్లు అని కట్టడి. ముందు పాతది వేసేరు. వానలో ఎక్కడో దూరాన పిల్ల పాడుతున్నట్టు వినపడింది, వినపడినట్టు అనిపించింది. చివరికొచ్చేసరికి ముల్లు నున్నటి చోటికి జారి ఊరుకుంది. తరవాత ముల్లు మార్చి కొత్తది వేసేరు.

వాన ఆగిపోయింది.

గొంతు గదిలోకి నడిచి వచ్చింది. ఊపిరి తీసుకోవడం వినపడింది. గాజులు ఒకదాని మీదొకటి జారడం వినపడింది. కామేశం గారు కళ్ళు మూసుకోలేదు. రెండు దుకాణాల్లో బియ్యం చూసేవాడిలా విన్నారు.

"పాతదాన్లో గొంతుకి ఒళ్ళుండేది" అన్నారు. "ఇందులో చప్పుడు లేదు గాని గొంతు చిక్కింది."

"మనిషి మంచానపడి లేచినట్టు" అని గణపతిరావు అనేసేడు. అనేసి నాలిక కరుచుకున్నాడు. మంచానపడ్డ మనిషి ఆ ఇంట్లో లేవలేదు.

"అలాగే ఉంది" అన్నారు కామేశం గారు. ఆయన మొహంలో ఏమీ లేదు.

కీర్తన అయిపోయింది. ముల్లు నున్నగా ఉండవలసిన చోటికి వచ్చింది. అక్కడ గీతలున్నాయి కదా. కాస్త నిశ్శబ్దం, చిన్న దగ్గు, ఆ తరవాత అదే పిల్ల, పాఠం అప్పజెప్పినట్టు అంది:

"నా పేరు విశాలాక్షి. మాది బొబ్బిలి."

గణపతిరావు మిషన్ కేసి చూసేడు, కామేశం గారి కేసి చూసేడు. కామేశం గారు ముల్లు ఎత్తి కొంచెం వెనక్కి పెట్టేరు. "నా పేరు విశాలాక్షి. మాది బొబ్బిలి." మళ్ళీ పెట్టేరు. మళ్ళీ అదే. ఇంకోసారి. కొత్త ముల్లు లేదు, కొత్త కీ లేదు. కట్టడి పెట్టిన మనిషే కట్టడి మర్చిపోయేరు.

"విశాలాక్షంటే ఎవరండీ?" అన్నాడు గణపతిరావు మెల్లిగా.

ఆ పేరు కామేశం గారికి తెలీక కాదు. ఇంట్లో ఉన్న పేరే. ఆ పేరుకొక గొంతు ఉంటుందని తెలీదు.

"మా వదినగారు, కమల అక్కయ్య."

"వంటింట్లో పెద్దమ్మగారా?"

వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనె తీస్తున్న చప్పుడు, టిక్కు, టిక్కు, ఇందాకట్నించీ వినపడుతోంది. ఆ పేరు అన్నిసార్లు పలికినా ఆ చప్పుడు తడబడలేదు, ఆగలేదు.

గణపతిరావు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తన మాడుగుల ప్లేటు డూప్లికేటు కాదని రుజువయ్యే రోజు కోసం, ఆ రోజు అనవలసిన మాట కోసం, అతను ఎన్నో ఏళ్ళు కాచుకున్నాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా. దాన్ని మింగి, "బళ్ళొచ్చే వేళండీ, కాటా దగ్గర ఎవుడూ లేడు" అని మెట్లు దిగిపోయేడు. వీధిలో కొత్త బెల్లం వాసన వస్తోంది. తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్ళేడు.

ఇప్పుడు ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ మాట్లాడుకునే పద్ధతి మీకు చెప్పాలి. కమలాంబ కాపరానికి వచ్చినప్పుడు అక్కగారూ కూడా వచ్చేరు. చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, పుట్టింట్లో ఎవరూ లేరు. అప్పట్నించీ వంటిల్లు ఆవిడది. తెల్లపంచె, నెత్తి మీంచి ముసుగు, మడి. మరిదికి ఎదురుపడి మాట్లాడలేదు. "కమలా, మీ ఆయన్ని భోజనానికి లెమ్మను" అనేవారు తలుపు వెనకనించి. "కమలా, కాఫీలో పంచదార తగ్గించమని మీ అక్కగారితో చెప్పు" అనేవారు ఆయన. మధ్యన కమలాంబ ఉండేది, తంతి తీగలాగ. తీగ తెగిపోయేక ఇద్దరికీ దారి దొరకలేదు. చివరికి వంటింటి గుమ్మం పక్కన స్తంభం ఆ ఉద్యోగంలోకి వచ్చింది. "ఆకు వేసేను" అని ఆవిడ స్తంభంతో చెబితే, "మజ్జిగ చాలు" అని ఈయన స్తంభంతో చెబుతారు. మూణ్ణెల్ల నుంచీ ఆ స్తంభం విన్నన్ని మాటలు ఊళ్ళో ప్లీడరు కూడా విని ఉండడు.

కామేశం గారు వెళ్ళి ఆ స్తంభం దగ్గర నిలబడ్డారు.

"ఆ కీర్తన ఎవరు పాడేరు" అని అడిగేరు స్తంభాన్ని.

టిక్కు. టిక్కు.

"నేనే పాడేను" అంది లోపల్నించి గొంతు. దాచిపెట్టిన వాళ్ళు చెప్పినట్టు లేదు, అడగనందువల్ల చెప్పనివాళ్ళు చెప్పినట్టు ఉంది. "నాన్న మా ఇద్దర్నీ మద్రాసు తీసుకెళ్ళేరు. గోడలోంచి ఓ గొట్టం బయటికొచ్చి ఉండేది. దాన్లోకి పాడమన్నారు. గొంతు పెంచినప్పుడల్లా దొర సైగ చేస్తే నాన్న నా జడ పట్టుకుని తల వెనక్కి లాగేవారు, తగ్గించినప్పుడు ముందుకు తోసేవారు. అప్పటికి నాకు జడుండేది."

కామేశం గారు స్తంభానికి ఇంకో అడుగు దగ్గరగా జరిగేరు.

"పాటయ్యేక పేరు చెప్పమన్నారు. ప్లేట్లు సముద్రం అవతల అచ్చు వేస్తారుట. అక్కడివాళ్ళకి మన భాష రాదుట. ఎవరి పాట ఎవరిదో కలిసిపోకుండా చివర పేరు చెప్పాలిట. చెప్పేను. ప్లేటు ఇంటికొచ్చేసరికి ఏడాది దాటింది. ఈలోగా మా ఆయన మశూచితో పోయేరు. నేను వెనకగదిలోకి వచ్చేసేను."

"తరవాత?"

"తరవాతేముంది. ముండమోసిన పిల్ల పేరు గొట్టంలోంచి వినపడుతుంటే కమలకి సంబంధం ఎలా వస్తుందన్నారు. నాన్న ఆ ప్లేటు కంసాలి పెదబాబు దగ్గరికి పట్టుకెళ్ళి, పేరున్నచోట లక్క కరిగించి పూయించేరు. నగల వెనక పోసే లక్క. ప్లేటూ లక్కే కదా, కలిసిపోయింది. మధ్యన కాగితం నానబెట్టి తీసేసేరు. బాగా చేసేడు పెదబాబు. పనిమంతుడు."

కామేశం గారి బొటనవేలు తనంతట తను చూపుడువేలి మీద రాసుకుంది. ఆ నున్నటి చోటు. చోడవరం నుంచి మాడుగుల దాకా ఆయన చాటిన సూత్రం ఒక కంసాలి పూసిన లక్క. దాని మూలాన గణపతిరావు తెచ్చిన నిఖార్సయిన ప్లేటు బెల్లం కుండ మీదికి వెళ్ళింది. సిగ్గు పడాలి అనుకున్నారు. సిగ్గు రాలేదు. చలికి మొద్దుబారిన కాల్లో ముల్లు దిగితే దిగిందని తెలుస్తుంది, నొప్పి మాత్రం ఎక్కడో పక్కింట్లో ఉంటుంది. అలా ఉంది.

"పెళ్ళిచూపుల్లో ఆ ప్లేటు వేసేరు" అన్నారు.

"తలుపు వెనక నేనూ విన్నాను."

"మా అమ్మాయే పాడింది అన్నారు మీ నాన్నగారు."

"అబద్ధం కాదు కదా. నేనూ ఆయన అమ్మాయినే."

"కమలని ఒక్కసారి పాడమంటే గొంతు బొంగురుపోయిందంది."

"పాపం, దానికి ఆ బొంగురు జీవితాంతం తగ్గలేదు."

ఇంకెవరైనా అయితే ఆ మాటకి నవ్వేవారు, లేకపోతే కోప్పడేవారు. కామేశం గారు ఏదీ చెయ్యలేదు. ప్లేటు వేసినప్పుడల్లా కమలాంబ లేచి పెరట్లోకి వెళ్ళిపోవడం ఆయనకి గుర్తొచ్చింది. సిగ్గు అనుకున్నారు. నలుగురి ముందు, "చూసేరా, తన పాట తను వినలేదు" అని మురిసేరు కూడా. ఆవిడ పెరట్లో బట్టలు లేకపోయినా దండెం సర్దుతూ, పాట అయిపోయేదాకా నిలబడేది.

"నాతో ఎప్పుడూ అనలేదు" అన్నారు.

"మీరు పెళ్ళాడింది ఆ పాటని అని దాని నమ్మకం. అది తనది కాదంటే తనకేం మిగులుతుందని భయం. నేను చెప్పెయ్యవే అన్నాను. ఓ ఏడు అన్నాను, రెండో ఏడు అన్నాను. తరవాత మానేసేను."

కామేశం గారు స్తంభానికి ఆనుకున్నారు. కమలాంబ గొంతు గుర్తు తెచ్చుకోడానికి ప్రయత్నించేరు. 'మందు వేసుకున్నారా' అనేది. 'గొడుగు పట్టికెళ్ళండి' అనేది. మాటలు వస్తున్నాయి. గొంతు రావడం లేదు. గొంతు కోసం తడిమిన ప్రతిసారీ ఆనందభైరవి చేతికి తగులుతోంది. మూణ్ణెల్లుగా ఆయన ఆ ప్లేటు మీద భరోసా పెట్టుకుని, మిగతా అంతా మర్చిపోనిచ్చేరు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కీ తిప్పితే వస్తుందనుకున్నారు.

"అయితే కమల గొంతు ఇంక లేదన్నమాట" అన్నారు. వీధి చివర దుకాణం మూసేసేరన్నట్టు అన్నారు.

చిక్కుడుకాయల చప్పుడు ఆగింది.

పీట జరిగిన చప్పుడయింది. తెల్లపంచె గుమ్మంలోకి వచ్చింది. విశాలాక్షి గారు స్తంభం కేసి చూడలేదు. స్తంభం ఉద్యోగం అక్కడితో ఊడిపోయింది.

"బాబూ, ఆ ప్లేటు ఇటూ అటూ తిప్పుతున్నప్పుడు తలుపు సందులోంచి చూసేను. వెనక కూడా గీతలున్నాయి" అన్నారు ఆయన మొహంలోకి చూస్తూ.

పాతకాలం ప్లేట్లకి ఒకవైపే పాట. వెనక నల్లటి చదును, కంపెనీ ముద్ర. ఆ ప్లేటుకి వెనకవైపంటూ ఒకటుంటుందని కామేశం గారికి జన్మలో తోచలేదు. కొత్త అచ్చులో కంపెనీ వాళ్ళు రెండు ఒంటివైపు ప్లేట్లని కలిపి ఒకటి చేస్తున్నారు. ఆయన వెళ్ళి ప్లేటు తిప్పేరు. కాగితం మీద ఇటూ 'బొబ్బిలి బాలికలు' అనే ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'మోహన, గీతం'.

"ఆ రోజు కమల కూడా పాడింది" అన్నారు ఆవిడ. "నాకంటే చిన్నది, గీతాలే వచ్చు. దాని ప్లేటు కూడా ఇంటికొచ్చింది. నాన్న ఒక్కసారి వేసి విన్నారు. విని, రోకలి తెప్పించి పొడిచేసేరు. నా దానికి లక్క పూస్తే సరిపోయింది, దాని దానికి సరిపోలేదు."

"బాగా పాడలేదా?"

"పాడినంతవరకు పాడింది. పాట అయ్యేక పేరు చెప్పమన్నారు కదా. అది పేరు చెప్పలేదు. ఇంకోటి చెప్పింది."

"ఏమని?"

ఆవిడ మిషన్ కేసి చూపించేరు. కామేశం గారు ప్లేటు పెట్టేరు. ముల్లు మార్చేరు. కీ సంగతి మాత్రం తోచలేదు, అది గణపతిరావు పని కదా.

మోహన మొదలయింది. అక్కగారి పాట కాదది. రెండో వరసలోనే తాళం తప్పింది, ఎవరో గొట్టం బయటినించి చప్పట్లు కొట్టి సర్దితే మళ్ళీ అందుకుంది. పైస్థాయికి వెళ్ళినప్పుడు గొంతు చీలింది. చీలినచోట కామేశం గారి తల కొంచెం పక్కకి వాలింది, ఎవరో పిలిచినట్టు.

ఇందాక నాలుగైదుసార్లు ముల్లు వెనక్కి పెట్టి ఒకే కీ మీద నడిపేరు కదా. స్ప్రింగు అయిపోవచ్చింది. ప్లేటు నెమ్మదించింది. నెమ్మదించిన కొద్దీ గొంతు దిగింది. పిల్ల గొంతు పెళ్ళికూతురి గొంతయింది, ఇల్లాలి గొంతయింది, చుట్టుకో పదేళ్ళు మీద పడుతున్నాయి. గీతం చివరి అక్షరాలకి వచ్చేసరికి అది బరువుగా, కొంచెం బొంగురుగా, మందు వేసుకున్నారా అని అడిగే గొంతు. గొడుగు పట్టికెళ్ళమనే గొంతు. కామేశం గారు రెండుచేతులతో బల్ల అంచు పట్టుకున్నారు.

పాట అయిపోయింది. చిన్న ఖాళీ. ఆ గొంతు, ఇంకా దిగి, అంది:

"నేను..."

ప్లేటు ఆగిపోయింది.

ఆయన కీ పిడి కోసం చెయ్యి చాపేరు. అప్పటికే దాని మీద ఒక చెయ్యి ఉంది. మడి అని ఆ మిషన్‌ని ఇన్నేళ్ళలో వేలితో తాకని చెయ్యి, గోళ్ళకి ఇంకా చిక్కుడు పసరుంది.

"ఈ మాట విన్నాకే నాన్న రోకలి తెప్పించింది. నాకు తెలుసు, అప్పుడు నేను పక్కనే ఉన్నాను" అన్నారు విశాలాక్షి గారు. "వింటే మీరు నన్ను ఈ ఇంట్లో ఉండనిస్తారో లేదో కూడా నేను చెప్పలేను. ఆపేస్తానంటే ఆపేద్దాం. ఆకు వేస్తాను, భోంచేసి పడుకోండి. వింటానంటే కీ నేనే ఇస్తాను."

కామేశం గారు ఆ చేతికేసి చూసేరు, ఆగిన ప్లేటు కేసి చూసేరు.

"ఎంత తిప్పాలో తెలుసా మీకు" అన్నారు.

"వంటింట్లోకి వినపడుతుంది కదా రోజూ" అని ఆవిడ తిప్పడం మొదలెట్టేరు.